సీసా ముట్టుకునే ముందు: రసాయన భద్రతను ఆన్‌లైన్‌లో ఎలా నేర్పాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డిగ్రీ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ విద్యార్థులకు ల్యాబ్ మొదలయ్యే లోపు ఆరు వారాల పాటు రసాయన భద్రత, హెచ్చరిక లేబుళ్ల గురించి ఆన్‌లైన్‌లోనే చెప్పాలి. మీరు స్లైడ్లు చూపించారు, లేబుళ్ల మీది తొమ్మిది హెచ్చరిక బొమ్మల మీద క్విజ్ పెట్టారు, దాదాపు అందరికీ మంచి మార్కులే వచ్చాయి. అయినా వీళ్లు రేపు ల్యాబ్‌లో అడుగుపెడితే నిజంగా జాగ్రత్తగా ఉంటారా అన్న టెన్షన్ మీకు పోలేదు. కెమెరాలు ఆఫ్‌లో ఉంటాయి, ఎవరు వింటున్నారో తెలియదు. సీసా చేతికి ఇవ్వకుండా భద్రత నేర్పడం అసలు కుదిరే పనేనా అని అడిగారు.

కుదురుతుంది, కానీ మొత్తం కాదు. భద్రతలో చేతికి రావలసింది కొంత, బుర్రకు రావలసింది కొంత ఉంటాయి. గ్లవ్స్ బయటివైపు చర్మానికి తగలకుండా విప్పడం, కళ్లు కడిగే పరికరం దగ్గరికి పరుగెత్తడం, మంటలార్పే సిలిండర్ పిన్ను లాగడం చేతి పనులు. అవి తెర మీద రావు. సీసా ముట్టుకునే ముందు దాని గురించి చదివి, "నేను దీనితో ఏం చేయబోతున్నాను, ఎక్కడ తేడా రావచ్చు, వస్తే ఏం చేస్తాను" అని ఒక నిర్ణయానికి రావడం బుర్ర పని. దీన్ని ల్యాబ్‌లో కంటే ఆన్‌లైన్‌లోనే బాగా నేర్పవచ్చని నా అనుభవం. ల్యాబ్‌లో గడియారం తరుముతూ ఉంటుంది, పక్క బెంచీ వాడు అప్పటికే టైట్రేషన్ మొదలుపెట్టి ఉంటాడు, రసాయనంతో పాటు సరఫరాదారు ఇచ్చే పదహారు విభాగాల భద్రతా పత్రం చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థికి ఆ సమయం ఉంటుంది. మీ ఆరు వారాలూ ఆ ఒక్క పనికి ఖర్చు పెట్టండి.

బొమ్మల క్విజ్ దగ్గర నేనూ చాలాకాలం ఆగిపోయాను. మొదటిసారి ఈ కోర్సును ఆన్‌లైన్‌లో చెప్పినప్పుడు నా విద్యార్థులకు తొమ్మిది బొమ్మలూ కంఠతా వచ్చాయి. ల్యాబ్ మొదటి రోజున ఒక అమ్మాయి అసిటోన్ సీసా పట్టుకుని, వెలుగుతున్న బర్నర్‌కు ఒక అడుగు దూరంలో నిలబడి మూత తీసింది. సీసా మీద మంట బొమ్మ ఉంది. ఆ బొమ్మ పేరేమిటని అడిగితే టక్కున చెప్పింది. కానీ ఆ బొమ్మకీ తన ముందున్న బర్నర్‌కీ సంబంధం ఉందని ఆమెకు తట్టలేదు. ఆమెది తప్పు కాదు. నేను పేరు అడిగాను, ఆమె పేరు నేర్చుకుంది.

అసలు లేబుల్ మీద బొమ్మ చెప్పేది చాలా కొంచెం. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో తయారై, 2003లో మొదటిసారి ప్రచురితమైన, రసాయనాల వర్గీకరణకూ లేబుళ్లకూ సంబంధించిన జీహెచ్‌ఎస్ పద్ధతిలో తొమ్మిదే బొమ్మలు ఉన్నాయి. ఆ తొమ్మిదిలోకి ఎన్నో రకాల హాని గుణాలను సర్దాలి. కాబట్టి ఒక్కో బొమ్మ వెనక చాలా తేడాలు దాక్కుంటాయి. ఆశ్చర్యార్థకం గుర్తునే తీసుకోండి. చర్మం మంటపెట్టే పదార్థానికీ అదే, మత్తు కలిగించే ద్రావకానికీ అదే, చర్మానికి ఎలర్జీ తెచ్చే పదార్థానికీ అదే. ఎలర్జీ ఒకసారి వస్తే జీవితాంతం ఉండిపోవచ్చు, మత్తయితే మనం మంచి గాలిలోకి వెళ్తే దిగిపోతుంది. బొమ్మ మాత్రం ఒక్కటే.

విద్యార్థుల్లో పాతుకుపోయిన ఇంకో అపోహ, పుర్రె బొమ్మ లేకపోతే విషం కాదని. దీనికి నేను ఎప్పుడూ బెంజీన్ లేబుల్ చూపిస్తాను. అందులో పుర్రె ఉండదు. మంట ఉంటుంది, ఆశ్చర్యార్థకం ఉంటుంది, ఛాతీ మీద నక్షత్రంలా చీలిన మనిషి బొమ్మ ఉంటుంది. పుర్రె చెప్పేది తక్కువ మోతాదుతో, వెంటనే ప్రాణం మీదికి వచ్చే విషాల గురించి మాత్రమే. ఏళ్ల తరబడి పీల్చితే క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ఆ కోవలోకి రాదు, అది ఛాతీ బొమ్మ కిందికి వస్తుంది. "ఈ రెండు సీసాల్లో దేనికి ఎక్కువ భయపడతారు?" అని ఒక పుర్రె లేబుల్‌నూ బెంజీన్ లేబుల్‌నూ పక్కపక్కన పెట్టి అడగండి. వాదన మొదలవుతుంది. కెమెరా ఆఫ్‌లో ఉన్నవాళ్లు కూడా చాట్‌లో రాస్తారు. సరైన జవాబు ఒకటే ఉండదు, "ఎంతసేపు, ఎంత మోతాదు, ఏ దారిన శరీరంలోకి వెళ్తుంది" అని తిరిగి ప్రశ్న వేసినవాళ్లకే నేను పూర్తి మార్కులు ఇస్తాను.

ఇక్కడ మన భాషకు సంబంధించిన ఒక చిక్కు ఉంది. తెలుగులో ప్రమాదం అనే ఒక్క మాటతో అన్నీ నెట్టుకొస్తాం. రోడ్డు మీద జరిగేదీ ప్రమాదమే, యాసిడ్‌కు ఉండే గుణమూ ప్రమాదమే, జరగబోయేదాని అవకాశమూ ప్రమాదమే. క్లాసులో ఇది విద్యార్థుల ఆలోచనను మసకబారుస్తుంది. అందుకే నేను మూడు మాటలు విడివిడిగా వాడతాను. పదార్థంలోనే ఉండి, సీసా అల్మరాలో మూసి ఉన్నా పోని గుణాన్ని హాని గుణం అంటాను. ఆ పదార్థంతో నేను చేసే పని వల్ల నాకు ఎంత దెబ్బ తగలొచ్చో, అందుకు ఎంత అవకాశం ఉందో అది ముప్పు. జరిగిపోయినదే ప్రమాదం. లేబుల్ హాని గుణాన్ని మాత్రమే చెప్పగలదు. ముప్పు ఎంతో లెక్క కట్టాల్సింది సీసా పట్టుకున్న మనిషి. ఈ ఒక్క తేడా మొదటి వారంలోనే స్థిరపడితే మిగతా ఐదు వారాలు సాఫీగా సాగుతాయి. మీకు వేరే మాటలు నచ్చితే అవే వాడండి, కానీ మూడింటికీ మూడు మాటలు ఉండాలి, కోర్సు పొడవునా మారకూడదు.

రెండో వారం నుంచి నేను చేసేది "ఒక సీసా, ఒక గంట". క్లాసుకు ఒకే ఒక రసాయనం. నలుగురైదుగురి చొప్పున చిన్న గదులుగా విడగొట్టి, లేబుల్ బొమ్మ, భద్రతా పత్రం, ఒక చిన్న ప్రయోగం వివరం ఇస్తాను. మొదటి సీసాగా మిథనాల్ పెట్టమని చెబుతాను. విద్యార్థికి అది ఇథనాల్‌కు చెల్లెలిలా కనిపిస్తుంది. రంగు లేదు, పేరులో ఒక్క అక్షరం తేడా, మరిగే ఉష్ణోగ్రత దాదాపు 65 డిగ్రీలు. కానీ లేబుల్ చూస్తే కథ వేరు. ఇథనాల్ మీద మంట బొమ్మే ప్రధానం. మిథనాల్ మీద మంట, పుర్రె, ఛాతీ బొమ్మ మూడూ ఉంటాయి, పైన డేంజర్ అన్న మాట ఉంటుంది. మింగినా, చర్మానికి అంటినా, పీల్చినా విషమే అని మూడు వాక్యాలు వరసగా ఉంటాయి. అవయవాలను దెబ్బతీస్తుందన్న వాక్యం విడిగా ఉంటుంది, అందులో ముఖ్యంగా కంటి నరం.

అప్పుడు భద్రతా పత్రం తెరిపిస్తాను. పదహారు విభాగాలనూ మొదటి నుంచి చివరి దాకా చదవమని చెప్పకండి, ఎవరూ చదవరు. ప్రశ్న ఇచ్చి వెతికించండి. "గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. మూత తెరిచిన మిథనాల్ సీసా దగ్గర అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుందా?" దీనికి జవాబు తొమ్మిదో విభాగంలో ఉంది. ఫ్లాష్ పాయింట్, అంటే ద్రవం ఆవిరి నిప్పు తగిలితే అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత, దాదాపు 11 డిగ్రీలు. అంటే గది చల్లగా ఉన్నా సరే, ద్రవం పైన నిలిచిన ఆవిరి నిప్పు తగిలితే అంటుకోవడానికి సరిపోతుంది. "అంటుకుంటే దేనితో ఆర్పాలి?" ఐదో విభాగం. "కంట్లో పడితే?" నాలుగు. "నేలమీద ఒలికితే?" ఆరు. "దేని పక్కన పెట్టకూడదు?" ఏడు, పది. "ఏ గ్లవ్స్?" ఎనిమిది. ఇలా రెండు మూడు సీసాలు అయ్యాక ఎవరూ నేర్పకుండానే విభాగాల నంబర్లు వాళ్లకు వచ్చేస్తాయి. పన్నెండు నుంచి పదిహేను దాకా ఉన్న పర్యావరణం, పారవేత, రవాణా, చట్టాల విభాగాలను ఒక్కసారి చూపించి, పదమూడు దగ్గర మాత్రం కాసేపు ఆగండి. వాడేసిన పదార్థాన్ని సింకులో పోయొచ్చా అన్న ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది.

మిథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి సరిగా కనిపించదన్న సంగతి ఇక్కడే చెప్పండి. లవణాలతో రంగు రంగుల మంటలు చూపించే క్లాసు ప్రదర్శనల్లో, ఆరిపోయిందనుకున్న పాత్రలో ఉపాధ్యాయుడు పెద్ద సీసా నుంచి మళ్లీ మిథనాల్ పోయడంతో పిల్లల ఒళ్లు కాలిన సంఘటనలు ఒకటి కాదు, చాలా జరిగాయి. అమెరికా రసాయన భద్రతా బోర్డు ఈ విషయం మీద ప్రత్యేకంగా హెచ్చరికలు విడుదల చేసింది. "పై లేబుల్‌లో ఏ వాక్యం చదివి ఉంటే ఆ ఉపాధ్యాయుడు ఆగేవాడు?" అని అడగండి. వేడికీ నిప్పురవ్వలకీ దూరంగా ఉంచండి అన్న వాక్యం అక్కడే ఉంది. ఆ ఉపాధ్యాయుడు కూడా దాన్ని చదివే ఉంటాడు. చదవడానికీ, ఆ వాక్యాన్ని తన చేతిలోని పనికి అన్వయించడానికీ మధ్య ఉన్న ఖాళీని పూడ్చడమే ఈ కోర్సు పని.

గ్లవ్స్ గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఎందుకంటే అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. లేబుల్ మీద "రక్షణ గ్లవ్స్ ధరించండి" అని ఉంటుంది. ఏ గ్లవ్స్ అన్నది ఉండదు. విద్యార్థి బల్ల మీద ఏ పెట్టె ఉంటే అందులోంచి తీసుకుంటాడు. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కరెన్ వెటర్‌హాన్ ఉదంతం నేను ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. 1996 ఆగస్టు 14న ఆమె ఫ్యూమ్ హుడ్‌లో, అంటే ఆవిరిని బయటికి లాగేసే గూడులో, లేటెక్స్ గ్లవ్స్ వేసుకునే, డైమిథైల్ మెర్క్యురీ అనే విషపు పాదరస సమ్మేళనంతో పనిచేస్తుండగా కొన్ని చుక్కలు గ్లవ్ మీద పడ్డాయి. ఆమె విషపు లోహాల మీదే పరిశోధన చేసే నిపుణురాలు. అప్పటికి తెలిసినంతలో అన్ని జాగ్రత్తలూ తీసుకుంది. నెలల తర్వాత నడక తడబడటం, మాట ముద్దగా రావడం మొదలైంది. 1997 జూన్ 8న, 48 ఏళ్ల వయసులో చనిపోయింది. తర్వాత జరిపిన పరీక్షల్లో ఆ పదార్థం లేటెక్స్‌లోంచి 15 సెకన్లలోపే దాటి పోతుందని తేలింది.

ఇది చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్ని భయంగా మిగలనివ్వకండి. వెంటనే పని ఇవ్వండి. గ్లవ్స్ తయారీదారులు ఏ రసాయనం ఏ పదార్థపు గ్లవ్‌ను ఎన్ని నిమిషాల్లో దాటుతుందో చూపే పట్టికలు ప్రచురిస్తారు. అసిటోన్‌కు పల్చని నైట్రైల్ ఎంతసేపు ఆగుతుందో, బ్యూటైల్ రబ్బరు ఎంతసేపు ఆగుతుందో వాళ్ల చేతే వెతికించండి. నీలం నైట్రైల్ గ్లవ్ వేసుకుంటే చాలు, ఏదైనా పట్టుకోవచ్చు అనుకున్నవాళ్లకు అది కనువిప్పు. గ్లవ్ మీద చుక్క పడితే "తర్వాత చూద్దాం" అనుకోకూడదని, అప్పుడే విప్పి, చేతులు కడిగి, కొత్తది వేసుకోవాలని అప్పుడు వాళ్లే చెబుతారు.

భద్రతా పత్రాన్ని గుడ్డిగా నమ్మకూడదని కూడా నేర్పాలి. ఒకే రసాయనానికి ముగ్గురు సరఫరాదారుల పత్రాలు తెచ్చి పక్కపక్కన పెట్టించండి. ఆన్‌లైన్ క్లాసుకు ఇంతకన్నా అనువైన పని లేదు. ఒక పత్రంలో ఉన్న హెచ్చరిక ఇంకోదాంట్లో కనిపించదు. ఒకటి "తగిన గ్లవ్స్ వాడండి" అని దాటవేస్తుంది, ఇంకోటి పదార్థం పేరు, మందం, నిమిషాలతో సహా రాస్తుంది. ఎందుకిలా అని విద్యార్థులు అడుగుతారు. జీహెచ్‌ఎస్ అనేది చట్టం కాదు, ఒక నమూనా. ఏ దేశమైనా అందులోంచి తనకు కావలసిన భాగాలను ఎంచుకుని చట్టంగా చేసుకోవచ్చు. పర్యావరణ హాని చూపే చెట్టు, చేప బొమ్మ యూరప్‌లో తప్పనిసరి, అమెరికా పని ప్రదేశాల భద్రతా నిబంధనల్లో కాదు. దానికి తోడు పత్రం ఎప్పుడు సవరించారు, ఎంత గాఢతకు రాశారు, ఒక్కో రసాయనానికి ప్రత్యేకంగా ఉండే క్యాస్ నంబర్ సరిపోయిందా అన్నవి చూడాలి. మిథనాల్ క్యాస్ నంబర్ 67-56-1. పేర్లు ఎన్ని రకాలుగా రాసినా ఆ నంబర్ మారదు. పేరు కాకుండా నంబర్ చూసి పత్రం వెతికే అలవాటు చేయించండి.

అంకెల దగ్గర ఒక ఉచ్చు ఉంది, దాన్ని తప్పకుండా చెప్పండి. జీహెచ్‌ఎస్‌లో వర్గం 1 అంటే అన్నిటికన్నా తీవ్రం. నాలుగు రంగుల డైమండ్‌తో ఉండే ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికా అగ్ని రక్షణ సంఘం) గుర్తులో దీనికి సరిగ్గా తలకిందులు, అక్కడ 4 అంటే అత్యంత తీవ్రం, 0 అంటే తక్కువ. అది మంటలార్పే సిబ్బంది కోసం తయారైన గుర్తు. చాలా సీసాల మీద, గది తలుపుల మీద అది కూడా ఉంటుంది. విద్యార్థి ఈ రెండు పద్ధతులనూ ఒకదాంతో ఒకటి కలిపేసుకుంటే విషయం పూర్తిగా తిరగబడుతుంది. డైఈథైల్ ఈథర్‌తో చూపించండి. ఫ్లాష్ పాయింట్ మైనస్ 45 డిగ్రీలు, మరిగేది 35 డిగ్రీల లోపే. జీహెచ్‌ఎస్‌లో మండే ద్రవాల వర్గం 1, ఎన్‌ఎఫ్‌పీఏ ఎర్ర గడిలో 4. రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

నాలుగో వారంలో నేను చదవడం ఆపించి రాయడం మొదలుపెడతాను. ల్యాబ్‌లో విద్యార్థి చేతికి వచ్చే సీసాల్లో ఎక్కువ భాగం కంపెనీ లేబుల్ ఉన్నవి కావు. ఎవరో కలిపిన ద్రావణాలు, వాష్ బాటిళ్లు, బీకర్లు, వ్యర్థాల డబ్బాలు. వాటి మీద లేబుల్ ఎవరు రాయాలి? వాళ్లే. అందుకని కాగితం మీద లేబుల్ రాసి ఫొటో పంపమంటాను. పూర్తి పేరు ఉండాలి, ఫార్ములా ఒక్కటే చాలదు. గాఢత, హాని గుణం, తేదీ, రాసినవారి పేరు ఉండాలి. ఈథర్ లాంటి, నిలవ ఉంటే పేలే గుణమున్న పెరాక్సైడ్లు తయారయ్యే ద్రావకాలకు సీసా తెరిచిన తేదీ కూడా ఉండాలి.

గాఢత ఎందుకు రాయాలో సోడియం హైడ్రాక్సైడ్‌తో చూపిస్తే బాగా ఎక్కుతుంది. యూరప్ నిబంధనల ప్రకారం 5 శాతం, ఆపైన ఉంటే చర్మాన్ని తినేసే పదార్థాల్లో అత్యంత తీవ్రమైన ఉపవర్గం. 2 నుంచి 5 శాతం దాకా కూడా చర్మాన్ని తినేసేదే, ఉపవర్గం ఒక మెట్టు కింద. అర శాతం నుంచి 2 దాకా చర్మాన్నీ కళ్లనూ మంటపెట్టేది. ఇప్పుడు లెక్క చేయించండి. ఒక మోలార్ ద్రావణం అంటే లీటరుకు 40 గ్రాములు, దాదాపు 4 శాతం. విద్యార్థికి "పల్చని ఆల్కలీ"గా అనిపించే ఆ ద్రావణం మీద తినేసే గుణం బొమ్మే ఉండాలి. 0.1 మోలార్ అయితే దాదాపు 0.4 శాతం, ఆ పరిమితి దాటదు. మోలారిటీ లెక్క వాళ్లు అప్పటికే నేర్చుకుని ఉంటారు, రక్షణ కళ్లద్దాలు ఎందుకు పెట్టుకోవాలో తెలుసుకోవడానికి దాన్ని వాడుకోవచ్చని ఎవరూ చెప్పి ఉండరు. 0.1 మోలార్‌కైనా కళ్లద్దాలు తీయకూడదని మాత్రం అదే ఊపిరిలో చెప్పండి. వర్గీకరణ కిందికి రాలేదంటే కంటికి మంచిదని కాదు.

వ్యర్థాల సీసా లేబుల్‌ను ఒక పూట విడిగా చెప్పండి. నేను పనిచేసిన ఒక చోట, చాలా ఏళ్ల కిందట, "వేస్ట్" అని మాత్రమే రాసి ఉన్న ఒక గాజు సీసా రాత్రిపూట పగిలింది. అందులో అప్పటికే కొంత సేంద్రియ ద్రావకం ఉంది. ఎవరో సాయంత్రం నైట్రిక్ ఆమ్లం పోసి మూత గట్టిగా బిగించి వెళ్లారు. ఆ రెండూ నెమ్మదిగా చర్య జరుపుతూ వాయువును వెలువరిస్తాయి, ఒత్తిడి పెరుగుతుంది, సీసా పేలుతుంది. గదిలో ఎవరూ లేకపోవడం వల్ల గాజు ముక్కలు గోడలకే తగిలాయి. పొద్దున్న ఆ గదిని చూసిన రోజు నుంచీ నా విద్యార్థుల్లో ఎవరైనా "వేస్ట్" అని ఒక్క మాట రాసిన లేబుల్ పంపితే వెనక్కి పంపుతున్నాను. లోపల ఏముందో పేర్లతో రాయాలి. పోయబోయే వ్యక్తి చదివి ఆగడానికి ఆ పేర్లే ఆధారం.

లేబుల్ వాక్యాలను సొంత భాషలో చెప్పించడం మరో మంచి సాధన. ఆ వాక్యాల కోడ్ నంబర్లు బట్టీ పట్టించకండి. హెచ్ 314 అంటే ఏమిటో గుర్తుండటం వల్ల ఎవరి చర్మమూ కాపాడబడదు, ఆ వాక్యం సీసా మీదే రాసి ఉంటుంది. దానికి బదులు, "ఈ సీసాను రసాయన శాస్త్రం చదవని మీ ల్యాబ్ సహాయకుడికి ఇస్తున్నారు, రెండు వాక్యాల్లో చెప్పండి" అని అడిగి, గొంతు రికార్డు చేసి పంపమనండి. అర్థం కానివాళ్లు అక్కడ దొరికిపోతారు. ఒకసారి ఒక విద్యార్థి మంటకు తోడ్పడే పదార్థం, అంటే వలయం మీద మంట ఉన్న బొమ్మ, గురించి "ఇది బాగా మండుతుంది సార్" అని పంపాడు. క్విజ్‌లో అతనికి పూర్తి మార్కులు వచ్చాయి. ఆ పదార్థం తాను మండకపోయినా పక్కనున్నదాన్ని భగ్గుమనిపిస్తుందని, అందుకే ద్రావకాల అల్మరాలో పెట్టకూడదని అతనికి అప్పుడు చెప్పగలిగాను. ఇంగ్లిష్‌లో ఇన్‌ఫ్లేమబుల్ అన్న మాట చూసి "మండనిది" అనుకునేవాళ్లు కూడా ఇలాగే బయటపడతారు. చిన్న తెర ఫోన్లతో చూసేవాళ్లకు ఈ రెండు మంట బొమ్మలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, బొమ్మ చూపినప్పుడల్లా ఆకారాన్ని నోటితో కూడా వివరించండి.

ఇంట్లో ఉన్న శుభ్రం చేసే ద్రవాల సీసాల మీది లేబుళ్లు చదివి రమ్మని చెప్పడం మంచి పనే, కానీ మూతలు తీయకూడదు, ఏదీ దేనితోనూ కలపకూడదు అని రాతపూర్వకంగా ఇవ్వండి. బ్లీచ్‌తో ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్ కలిస్తే క్లోరిన్ వస్తుంది, అమ్మోనియా కలిస్తే క్లోరమిన్‌లు వస్తాయి. ఇంటి ప్రయోగాల పేరుతో రసాయనాల కిట్లు పంపడాన్ని నేను ఒప్పుకోను. పక్కన కళ్లు కడిగే ఏర్పాటు లేదు, మీరు లేరు.

ఐదో వారం సంఘటనలకు ఇవ్వండి, కానీ ముగింపు ముందే చెప్పకండి. టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో 2010 జనవరి 7న జరిగినదాన్ని నేను మూడు ముక్కలుగా చెబుతాను. ఇద్దరు పరిశోధక విద్యార్థులు నికెల్ హైడ్రజీన్ పర్‌క్లోరేట్ తయారుచేస్తున్నారు. 100 మిల్లీగ్రాములకు మించి చేయకూడదన్న మాట ఆ ల్యాబ్‌లో ఉంది. ప్రతిసారీ కొత్తగా చేయడం ఎందుకని దాదాపు 10 గ్రాములు చేశారు. ఇక్కడ ఆపి అడుగుతాను, మీరైతే ఏం చేస్తారు? రెండో ముక్క: పొడి ఉండలు కట్టింది. తడిగా ఉంటే పేలదని వాళ్ల నమ్మకం. కొంత భాగాన్ని ద్రావకంతో తడిపి కల్వంలో నూరడం మొదలుపెట్టారు. మళ్లీ ఆపుతాను. మూడో ముక్క: నూరుతున్న విద్యార్థి పని అయిందనుకుని కళ్లద్దాలు తీసి, మరోసారి కల్వం తిప్పాడు. పేలింది. మూడు వేళ్లు పోయాయి, చేతులూ ముఖమూ కాలాయి, కంటికి గాయమైంది. రసాయన భద్రతా బోర్డు దీని మీద 2011లో నివేదిక ఇచ్చింది.

ఈ సంఘటనలో లేబుల్ పాఠం ఒకటి ఉంది. అప్పుడే తయారైన పదార్థానికి లేబుల్ ఉండదు, భద్రతా పత్రం ఉండదు. అక్కడ విద్యార్థికి తోడు ఉండేది అతని ఆలోచనే. పర్‌క్లోరేట్, హైడ్రజీన్ అన్న రెండు మాటలు ఒకే పేరులో ఉంటే, ఆక్సిజన్ ఇచ్చేదీ మండేదీ ఒకే పదార్థంలో కూర్చున్నాయని గుర్తుపట్టాలి. పరిమాణం వంద రెట్లు పెంచితే ముప్పు కూడా పాతదే అనుకోకూడదు. అమెరికన్ కెమికల్ సొసైటీ పాఠాల్లో వాడే నాలుగు మెట్ల పద్ధతిని ఇక్కడ పెట్టండి: హాని గుణాన్ని గుర్తించడం, ముప్పును అంచనా వేయడం, దాన్ని తగ్గించడం, అయినా జరిగితే ఏం చేయాలో సిద్ధంగా ఉండటం. దీన్ని మొదటి వారంలో స్లైడుగా చూపిస్తే పదాలుగా మిగిలిపోతుంది. టెక్సస్ సంఘటన తర్వాత చూపిస్తే, ఏ మెట్టు దగ్గర ఏం తప్పిందో వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు.

పరీక్షకు భద్రతా పత్రాలు తెరిచి ఉంచుకోనివ్వండి. కాపీ కొడతారన్న చింత ఉండదు, ఎందుకంటే జవాబు పత్రంలో నేరుగా దొరకదు. నేను ఇచ్చే ఒక ప్రశ్న ఇలా ఉంటుంది: "ఫ్యూమ్ హుడ్‌లో హాట్ ప్లేట్ మీద ఒక ద్రావణం వేడెక్కుతోంది. పక్కనే 500 మిల్లీలీటర్ల హెక్సేన్ సీసా, మూత వదులుగా. మీ స్నేహితురాలు హుడ్‌లోకి తల పెట్టి చూస్తోంది. మీరు చేసే మొదటి మూడు పనులు వరసగా రాయండి, ప్రతిదానికీ లేబుల్ నుంచో పత్రం నుంచో కారణం చూపండి." వరసకే ఎక్కువ మార్కులు. మనిషిని వెనక్కి లాగకుండా సీసా మూత బిగించడంతో మొదలుపెట్టినవాళ్లతో నేను ఫోన్‌లో మాట్లాడతాను.

చేతి పనుల్లో ఒకదాని తూకాన్ని మాత్రం ఆన్‌లైన్‌లోనే తెలియజేయవచ్చు. కంట్లో రసాయనం పడితే కనీసం 15 నిమిషాలు నీటి ధార కింద కళ్లు తెరిచి ఉంచాలి. "15 నిమిషాలు" అని చెబితే ఎవరికీ ఏమీ అనిపించదు. నేను చెప్పకుండా టైమర్ పెట్టి పాఠం కొనసాగిస్తాను. అది మోగినప్పుడు, "ఇప్పటిదాకా మనం మాట్లాడినంతసేపూ మీ కళ్లు నీళ్ల కింద ఉండాలి, మధ్యలో ఒక్కసారి కూడా ఆపకూడదు, పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి" అంటాను. తర్వాత ఆ పరికరం 10 సెకన్లలో చేరుకునేంత దగ్గరలో ఉండాలన్న ప్రమాణం గురించి చెబుతాను. అది ఎందుకో వివరించాల్సిన పని అప్పుడు ఉండదు.

ఇక మీ టెన్షన్ విషయం. ఆన్‌లైన్‌లో మార్కులు వచ్చాయి కదా అని నేరుగా బెంచీ దగ్గరికి పంపకండి. మొదటి ల్యాబ్ రోజున తలుపు దగ్గర ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు గడపండి. నిజమైన సీసా చేతికివ్వండి, మూత మూసి ఉన్నదే. "దీనితో ఇవాళ ఏం చేస్తున్నావు? ఎక్కడ తేడా రావచ్చు? వస్తే ముందు ఎటు వెళ్తావు?" గ్లవ్స్ వేసి, బయటివైపు చేతికి తగలకుండా విప్పి చూపించమనండి. కళ్లు కడిగే పరికరం ఎక్కడుందో చూపించి, దాని మీట నొక్కమనండి. సరిగా చెప్పలేనివాళ్లు ఆ రోజు ప్రయోగం చేయరు, పక్కన కూర్చుని చూస్తారు, మరుసటి వారం మళ్లీ వస్తారు. ఈ నియమాన్ని ఆరు వారాల ముందే, మొదటి ఆన్‌లైన్ క్లాసులోనే చెప్పేయండి. కెమెరా ఆన్ చేయమని ఎవరినీ బతిమాలాల్సిన అవసరం నాకు ఆ తర్వాత రాలేదు.